ప్లస్ నుంచి మైనస్‌కి

బెల్లు మోగింది, అంటే పరీక్ష ఇంకొక్క గంట, అనుకుంది ఆమె. వరండా పొడుగునా చెక్కబల్లలు, బల్లలకి ఎదురుగా మూసిన తలుపు, తలుపు పక్కన కిటికీలు, చివరి కిటికీలోంచి పిల్ల జడ మాత్రం కనిపిస్తోంది, ముఖం కాదు, రాస్తున్న చెయ్యి కాదు, ఎడమకి కాస్త ఒరిగిన జడ. తనే వేసుకుంటుంది పొద్దున్నే, అద్దంలో చూసుకుంటూ ఎవరికి వాళ్ళు వేసుకునే జడ ఎప్పుడూ ఒక పక్కకి ఒరుగుతుంది, వెనకనుంచి ఇంకొకరు వేస్తే నిటారుగా దిగుతుంది, నేను వెయ్యనా అని ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె ఒకసారి అడిగింది, పర్వాలేదండీ అంది పిల్ల, ఎంత మెత్తగా అందంటే కోపం తెచ్చుకుందామన్నా పట్టుకోవడానికి పిడి దొరకలేదు. గోడకి ఈమధ్యే రంగు వేసినట్టున్నారు, థిన్నర్ ఎక్కువ పోశారు, చారలు చారలుగా దిగి అలాగే ఎండిపోయింది. అలాంటి గోడ చూస్తే ఆమె మనసు ఊరుకోదు, పెళ్ళికి ముందు పెయింట్ల కంపెనీలో, టెస్టింగు గదిలో పనిచేసిన మనిషి, అడుగున బెజ్జం ఉన్న చిన్న కప్పులో రంగు నింపి అది కారి ఖాళీ అవడానికి ఎంతసేపు పడుతుందో చూడడమే అక్కడ పని, తొందరగా కారిపోతే పల్చన, ఆలస్యమైతే చిక్కన. మనుషులకి కూడా అలాంటి కప్పొకటి ఉంటే ఎంత బాగుండేది, ఇందులో మర్యాద మోతాదు మించింది, కాస్త చిక్కబరచండి అని చీటీ రాసి వెనక్కి పంపేసేది.

పెళ్ళై ఏడాది దాటింది. ఇంట్లో అందరూ ఆమె పెళ్ళి మాట ఎత్తడం మానేశాక వచ్చిన సంబంధం, ఆయన మొదటి భార్య పోయి చాలా ఏళ్ళయింది, మనిషి నెమ్మది, కూతురు ఎదిగింది. "మా అమ్మాయి మంచిదండీ, ఏ ఇబ్బందీ పెట్టదు," అన్నాడు మొదటి రోజే, అన్నట్టే పిల్ల ఏ ఇబ్బందీ పెట్టలేదు, అదే ఇబ్బంది. పిన్నీ అని పిలవమని వాళ్ళ నాన్న చెప్తే తల ఊపింది, ఊపడం వరకే, పిలుపు మాత్రం రాలేదు. ఏదైనా కావాలంటే వచ్చి సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది, ఎదురుగా ఉన్న మనిషిని పిలవక్కర్లేదు కదా, ఆ ఉపాయం ఎలా కనిపెట్టిందో గాని ఆమెకి ముచ్చటేసింది కూడా. తండ్రితో అలా కాదు, తండ్రి మీద గయ్యిమని లేస్తుంది, నీకేం తెలీదు నాన్నా, నీ మొహంలే నాన్నా, నా దువ్వెన నువ్వెందుకు ముట్టుకున్నావు, ఇల్లెగిరిపోతుంది, వంటింట్లో నిలబడి ఆమె ఆ అరుపులు వింటూ ఉంటుంది, పక్కింటివాళ్ళ రేడియోలో మంచి పాట వస్తుంటే విన్నట్టు. ఒకరోజు ఆమె వంటలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన వండిన రోజైతే సముద్రం ఎత్తుకొచ్చి పోశావా అని కంచం తోసేసేది, ఆరోజు మాత్రం కిక్కురుమనకుండా తిని, నీళ్ళ మీద నీళ్ళు తాగి, బాగుందండీ అని కంచం కడిగి బోర్లించి వెళ్ళింది. తర్వాత తను తినడానికి కూర్చుంటే గాని తెలియలేదు ఆమెకి.

మొన్న మార్చిలో పిల్లకి ఫిజిక్స్ పోయింది. అంతకుముందు ఎప్పుడూ ఏదీ పోలేదు. ఇంట్లోకి కొత్త మనిషొస్తే చదువెక్కడ సాగుతుంది అంది పిల్ల మేనత్త ఫోన్‌లో, స్పీకర్ ఆన్‌లో ఉందని ఆయన చూసుకోలేదు, ఆమె విననట్టే నటించింది, ఆయన ఆమె విననట్టు నటించడాన్ని చూడనట్టు నటించాడు, ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఇబ్బంది పెట్టరు. ఈ సప్లిమెంటరీలో కూడా పోతే ఏడాది మొత్తం పోతుంది, స్నేహితురాళ్ళంతా పై క్లాసుకి వెళ్ళిపోతారు, అందుకని ఆయన ట్యూషన్ మాస్టార్ని మాట్లాడబోయాడు, చెప్పులు కూడా వేసుకున్నాడు, అప్పుడు గదిలోంచి పిల్ల గొంతు వినిపించింది, "ట్యూషన్ ఎందుకు, ఆవిడ చెప్తారుగా." ఆవిడ అంటే తను. కాలేజీలో ఆమె చదివింది కెమిస్ట్రీ, ఫిజిక్స్ పక్క సబ్జెక్టు, అయినా ఆ మాట ఎవరికి గుర్తుంది, ఆరోజు రాత్రే కూర్చుని పిల్ల పుస్తకం మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. అందుకే ఇప్పుడు ఆ లోపల నడుస్తున్నది పిల్ల పరీక్ష ఒక్కటే కాదు, మొదటిసారి అడిగింది, ఈసారి కూడా పోతే మళ్ళీ తనని అడగదు, అరవదు కూడా, అరిస్తే ఇంకా నయం, పర్వాలేదండీ అంటుంది.

సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు, ఇద్దరూ ఎదురెదురుగా, పక్కపక్కన కాదు. విద్యుత్ ద్విధ్రువం అంటే రెండు ఆవేశాలు, ఒకటి ప్లస్, ఒకటి మైనస్, ఒకే పరిమాణం, మధ్య కొంచెం ఎడం, ఆ ఎడంలో సగం ఏ, ఆవేశాన్ని ఎడంతో హెచ్చిస్తే వచ్చేది భ్రామకం, పి. కుట్టుడబ్బాలోంచి రెండు గుండీలు తీసి పెట్టింది, ఎర్రది ప్లస్, నల్లది మైనస్. రెంటికీ నడిమధ్య నుంచి ఆర్ అంత దూరంలో, అదే గీత మీద, ఒక బిందువు, అక్కడ క్షేత్రం ఎంత? ఎర్ర గుండీ దగ్గరగా ఉంది, ఆర్ మైనస్ ఏ, నల్లది దూరం, ఆర్ ప్లస్ ఏ, ఎర్రది తోస్తుంది, నల్లది లాగుతుంది, తోసినదాంట్లోంచి లాగినది తీసెయ్యి. పిల్ల తల వంచుకుని రాసింది రాసింది, ఆగిపోయింది. "సున్నా వచ్చిందండీ." ఎలా వచ్చిందో చూపించమంటే, ఆర్‌తో పోలిస్తే ఏ చాలా చిన్నది కదా, వదిలేశానండీ అంది. చిన్నదని మొదట్లోనే వదిలేసింది, ఇంకేముంది, రెండు పక్కలా ఒకటే మిగిలి, ఒకదాంట్లోంచి ఒకటి పోయి సున్నా. ఆమెకి నవ్వొచ్చింది, తను కూడా ఆ వయసులో అచ్చం అదే పని చేసింది, మాస్టారు చేతివేళ్ళ మీద స్కేలుతో తట్టారు. "ముందే వదలకూడదు. ఈ రెండు గుండీలూ ఒక్కచోటే ఉంటే నిజంగానే సున్నా. ఇదిగో, ఈ కాస్త ఎడం ఉంది చూడు, ఇక్కడ క్షేత్రం ఉన్నదే దీనివల్ల. దీన్నే వదిలేస్తే ఇంకేం మిగులుతుంది? ముందు తీసివేత చెయ్యి. పైన నాలుగు ఏ ఆర్ వస్తుంది, దాన్ని ముట్టుకోకు. కింద ఆర్ స్క్వేర్ మైనస్ ఏ స్క్వేర్ హోల్ స్క్వేర్ ఉంటుంది, ఆ ఏ స్క్వేర్ని, అప్పుడు వదులు." పిల్ల మళ్ళీ చేసింది, టూ కే పి బై ఆర్ క్యూబ్, తలెత్తి మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూసి, "అంటే వదలడం తప్పు కాదు, తొందరపడి వదలడం తప్పు," అంది, అండీ అనడం మర్చిపోయింది, ఆ మర్చిపోవడాన్ని ఆమె పడుకునేదాకా పదిలంగా మోసుకుంటూ తిరిగింది.

"లోపల వాళ్ళు రాస్తున్నారు, చెమటలేమో మనకి," అన్నాడు బల్ల రెండో కొసన కూర్చున్నాయన. ఇందాకటినుంచి మాట్లాడడానికి సందు చూస్తున్నట్టున్నాడు, గోళ్ళ చుట్టూ నల్లగా గ్రీజు మరకలు, జేబులో స్క్రూడ్రైవరు, పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

"మీవాళ్ళది కూడా ఫిజిక్సేనా?" అంది ఆమె.

"ఫిజిక్సేనండీ, మా పెద్దమ్మాయి. నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇన్నేళ్ళలో ఎంతమందిని పైకి పంపించానో, మా పిల్లని మాత్రం ఈ ఒక్క మెట్టు ఎక్కించలేకపోతున్నా. ఆ ద్విధ్రువమేదో వస్తుందన్నారట, నిద్దట్లో కూడా అదే కలవరిస్తోంది, మా ఆవిడ హడలిపోయి లేపి నీళ్ళు తాగించింది." కిటికీ వైపు చూసి, "ఆ చివర కూర్చున్నది మీ అమ్మాయా? మీ పోలికే."

కనిపించేది వెనకనుంచి జడ ఒక్కటే. జడలో పోలిక ఎక్కడ దొరికింది ఈయనకి. నా కడుపున పుట్టలేదండీ అని చెప్పొచ్చు, చెప్పాలంటే ఆ పైన నాలుగు మాటలు చెప్పాలి, ఆ నాలుగు మాటలకీ అవతలివాళ్ళ మొహంలో వచ్చే జాలి చూడాలి, ఊఁ అని ఊరుకుంది, ఊరుకున్నందుకు దొంగతనం చేసినట్టూ ఉంది, దొంగిలించినది బాగున్నట్టూ ఉంది. పోలిక ఎలా వస్తుంది, ఆ పిల్ల బల్ల మీద ఒక ఫొటో ఉంటుంది, గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే చేత్తో పట్టుకుని నవ్వుతున్న వాళ్ళమ్మ, ఆ గడ్డం, ఆ కనుబొమలు అచ్చుగుద్దినట్టు పిల్లవే. ఆ ఫొటో మీద దుమ్ము తుడవాలా వద్దా అని వచ్చిన కొత్తలో ఎన్ని రోజులు తర్జనభర్జన పడిందో, తుడిస్తే నీకెందుకు అంటుందేమో, తుడవకపోతే ఇదీ ఈవిడ తీరు అనుకుంటుందేమో, చివరికి చుట్టూ బల్లంతా తుడిచి ఫొటో ఉన్న మేర మాత్రం వదిలేసింది, మర్నాడు చూస్తే ఫొటో కూడా తళతళలాడుతోంది, ఫొటోతో పాటు పక్కన తను మరిచిపోయిన కళ్ళద్దాలు కూడా. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఇంట్లో జరిగే మంచి కూడా చప్పుడు చెయ్యదు.

దూరంనుంచి చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది, ప్లస్సూ మైనస్సూ సమానం, మొత్తం కలిపితే సున్నా, ముచ్చటైన కుటుంబం. ఒంటరి ఆవేశం సంగతి వేరు, దాని ప్రభావం ఎంతో దూరం పోతుంది, జంటదైతే ఆర్ క్యూబ్, నాలుగడుగులు వేసేసరికి అణిగిపోతుంది, గేటు అవతల ఎవరికీ ఆనదు, లోపల తిరిగేవాళ్ళకే, బల్ల మీద ఉప్పు డబ్బా అందుకునేటప్పుడు చెయ్యి తగలకుండా చూసుకునేవాళ్ళకే తెలుస్తుంది అక్కడ ఎంత క్షేత్రం ఉందో. పాపం పిల్ల నాన్నేమో ఎప్పుడూ మధ్యలంబ రేఖ మీదే, ఇద్దరికీ సమాన దూరంలో, కుర్చీ కూడా అలాగే వేసుకుంటాడు, ఈవిడని మెచ్చుకుంటే ఆ వెంటనే కూతుర్ని మెచ్చుకుంటాడు. అక్కడ పొటెన్షియల్ సున్నా అని రాసి ఉంటుంది పుస్తకంలో, నిజమే, కానీ క్షేత్రం సున్నా కాదు, ఆ సంగతి చాలామంది పిల్లలు తప్పు రాస్తారు. ఛ, ఇవేం పోలికలు, మనుషులు గుండీలా, ఇలాంటివి పరీక్షలో రాస్తే ఒక్క మార్కు కూడా వెయ్యరు, సక్రమంగా చేసుకో లెక్క, లోపల పిల్ల చేస్తూ ఉంటుంది, తనూ ఇక్కడ చేస్తే తోడు ఉన్నట్టుంటుంది.

సరే, ఈ బల్లే అక్షం అనుకుంటే, మెకానిక్ గారు మైనస్, ఆయన్ని అడక్కుండానే, మధ్యలో ఖాళీ, ఇటు తను ప్లస్, తనని దాటి వరండా చివర ఆ నీళ్ళ డ్రమ్ము దగ్గర బిందువు. డ్రమ్ము మీద ఒక బుల్లి ప్లస్ ఆవేశం పెడితే తను దాన్ని అవతలికి తోస్తుంది, మెకానిక్ గారు ఇవతలికి లాగుతారు, తను దగ్గర కాబట్టి తనదే పైచెయ్యి, కాబట్టి క్షేత్రం బయటికి, గేటు వైపుకి. పరిమాణం టూ కే పి బై ఆర్ క్యూబ్, దిశ, అక్షం మీద క్షేత్రం దిశా భ్రామకం దిశా ఒకటే, ఆ వాక్యం పిల్ల చేత మూడు సాయంత్రాలు చెప్పించింది, భ్రామకం దిశేమో ప్లస్ నుంచి మైనస్‌కి, అంటే తన నుంచి మెకానిక్ గారి వైపుకి, అంటే ఇటు, క్షేత్రమేమో అటు. అటూ ఇటూ ఒకటే ఎలా అవుతాయి? ఎక్కడో పొరపడ్డాను. మళ్ళీ మొదటినుంచి. తోస్తుంది, లాగుతుంది, బయటికి, గేటు వైపు, అందులో అనుమానం లేదు, వాక్యం కూడా పుస్తకంలోదే, అందులోనూ అనుమానం లేదు, మరి భ్రామకం బాణం, అది ప్లస్ నుంచి మైనస్‌కని ఎవరు చెప్పారు?

తనే చెప్పింది. పొద్దున, బస్సులో. పిల్ల కిటికీ పక్క సీటు తనకిచ్చి, కాసేపు బయటికి చూసి, ఉన్నట్టుండి ఇటు తిరిగి, "భ్రామకం దిశ ఎటండీ?" అని అడిగింది, అడగడమే ఆలస్యం ఆమె నోటికొచ్చేసింది, ప్లస్ నుంచి మైనస్‌కి, బాణం మొన మైనస్ వైపు, బాణం తోక మీద అడ్డగీత పెడతారు, ఆ తోకే ప్లస్ గుర్తులా ఉంటుంది, ఇంక మర్చిపోవడమనే ప్రశ్నే లేదు, అని చేతులు తిప్పుతూ, ముందు సీట్లో వాళ్ళు వెనక్కి చూసేంత ఉత్సాహంగా. ఎక్కడిదా బాణం? కెమిస్ట్రీ మేడమ్‌ది. సన్నగా పొడుగ్గా, చాక్‌పీసు చివర వెండి తొడుగు పెట్టుకుని రాసే మేడమ్, హైడ్రోజన్ ప్లస్, క్లోరిన్ మైనస్, ఎలక్ట్రాన్లు ఎటు పోతే బాణం అటు, ప్లస్‌ని తోకకి కట్టుకుని మైనస్ వైపు పరిగెడుతుందర్రా అనేది, క్లాసంతా నవ్వేది. ఆ మేడమ్ తప్పు చెప్పలేదు. కెమిస్ట్రీవాళ్ళ బాణం అలాగే గీస్తారు. ఫిజిక్స్‌వాళ్ళది సరిగ్గా దానికి తలకిందులు, మైనస్ నుంచి ప్లస్‌కి. రెండూ ఒప్పే, ఎవరి గదిలో వాళ్ళది, ఆ గదిది తెచ్చి ఈ గదిలో పెట్టింది తను. ఇల్లు మారినా పాత ఇంట్లో దీపం స్విచ్ ఉన్నచోటే గోడ తడిమినట్టు.

లేచి నిలబడింది, కిటికీ దాకా నడిచింది, లోపలినుంచి ఇన్విజిలేటరు వేలెత్తి వెనక్కి వెళ్ళమని సైగ చేసింది, వచ్చి మళ్ళీ కూర్చుంది. ఇప్పుడేం చెయ్యాలి, చెయ్యడానికేముంది, తలుపు తట్టి బాణం తిప్పి రాయమ్మా అనడానికి వీలవుతుందా. పిల్ల జడ కదిలింది, వంగింది, రాస్తోంది, ఆ వంగిన చోట ఇప్పుడు ఏం గీస్తోందో, ఎర్ర గుండీ నల్ల గుండీ గీసి, మధ్యలో బాణం, తోకకి అడ్డగీత కూడా పెడుతోందేమో, ఆవిడ చెప్పారు కదా అని. అనుమానమొచ్చినా ఆవిడ చెప్పిందే రాస్తుంది, మర్యాద గల పిల్ల. ఉప్పు తిన్నట్టే ఈ తప్పు కూడా మింగేస్తుంది, మార్కులొచ్చాక కూడా అనదు, నేనే సరిగ్గా చదవలేదండీ అంటుంది, అని తర్వాత ఏడాది ట్యూషన్‌కి వెళ్తుంది, భోజనాల బల్ల మీద గుండీలు మళ్ళీ కుట్టుడబ్బాలోకి పోతాయి. తిట్టదు, అదే బాధ, ఒక్కసారి తిడితే బాగుండు. ఎందుకు తిట్టదు, అని అడిగింది తనని తనే, అడిగాక ఒక సంగతి తట్టింది, ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా తట్టనిది, నువ్వు మాత్రం తిట్టావా? తడి తువ్వాలు మంచం మీద పడేసి పోతే నోరెత్తకుండా తీసి ఆరేసింది. లైటు ఆర్పకుండా వెళ్తే ఆర్పింది. అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తుంటే పాలు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది, తన అక్క కూతురైతే ఆ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి ఉండేది. దాని అత్తయ్య ఏమనుకుంటుందో, సవతి తల్లి బుద్ధి చూపించుకుంది అంటారేమో, అని నాలిక కొసన ఉన్నవన్నీ మింగింది, పిల్ల ఉప్పు మింగింది, తను మాటలు మింగింది, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో. పిల్ల అండీ అంటుంటే ఆ అండీ చల్లగా తగిలేది గాని, తను పాలగ్లాసు చప్పుడు కాకుండా పెట్టి వెనక్కి తిరిగినప్పుడల్లా పిల్లకి కూడా అలాగే తగిలి ఉండదూ.

"మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు మెకానిక్, ఆమె మొహం చూసి. వద్దంది. "ఏం కాదులెండి, వచ్చిందే రాస్తారు, రానిది మనం మాత్రం రాయగలమా," అని ఆయనే తాగాడు.

బెల్లు మోగింది. తలుపు తెరుచుకుని పిల్లలు ఒక్కసారిగా వరండాలోకి పొంగారు, మెకానిక్ కూతురు తండ్రిని చూస్తూనే రెండు బొటనవేళ్ళూ పైకెత్తింది, ఆయన బల్లమీంచి లేచి పిల్లలా గెంతాడు. చివర్న వచ్చింది పిల్ల, పెన్ను క్యాప్ పెట్టుకుంటూ, ఎప్పటిలాగే వచ్చి సరిగ్గా ఎదురుగా నిలబడింది.

ఎలా రాశావు అని అడగాలి ముందు. "పొద్దున నీకు తప్పు చెప్పాను," అనేసింది ఆమె. "బాణం. భ్రామకం దిశ. నేను చెప్పింది కెమిస్ట్రీలో గీసేది, ఫిజిక్స్‌లో మైనస్ నుంచి ప్లస్‌కి. ఇక్కడ కూర్చుని లెక్క చేస్తుంటే తెలిసింది. అడిగారా అది?"

"అడిగారండీ."

"అయ్యో తల్లీ."

"మైనస్ నుంచి ప్లస్‌కే రాశానండీ."

ఆమెకి అర్థం కాలేదు. "నేను చెప్పింది తప్పని లోపలికి వెళ్ళాక తట్టిందా?"

"లేదండీ, బస్సులోనే తెలుసు. పుస్తకంలో ఉందిగా."

"తెలిస్తే మరి అడగడమెందుకు?"

పిల్ల క్యాప్ తీసి మళ్ళీ పెట్టింది. ఎటో చూస్తూ చెప్పింది. "బస్సెక్కినప్పటినుంచీ మీరు బ్యాగు జిప్పు లాగుతూనే ఉన్నారు, తీస్తున్నారు, మూస్తున్నారు. ఊడొస్తుందేమో అనిపించింది. పాఠం చెప్పేటప్పుడు మీకు భయం ఉండదు కదా. అందుకని, నాకు బాగా వచ్చినదే ఒకటి అడిగాను." కాస్త ఆగి, "తప్పు చెప్తారని నేనేమైనా కలగన్నానా," అంది.

"అప్పుడే అనొచ్చుగా, తప్పని."

"అంత సంతోషంగా చెప్తుంటే ఏమంటానండీ."

పరీక్షకి వెళ్తున్నది పిల్ల, ధైర్యం చెప్పడానికి వెంట వచ్చింది తను, ఆ బస్సులో ఎవరు ఎవరిని తీసుకెళ్ళారో ఇప్పుడు తెలిసింది. తను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పిల్ల కంగారు పడుతుంది, పర్వాలేదండీ అంటుంది, ఆ మాట ఇప్పుడు వినలేను అనుకుని, పనిలో ఉన్న మనిషిలాగా, టెస్టింగు గది మనిషిలాగా, "సరే, మొత్తం చెప్పు. ఎలా చేశావు?" అంది.

చెప్పింది పిల్ల, నడుస్తూ. పటం గీశానండీ, ఆర్ మైనస్ ఏ, ఆర్ ప్లస్ ఏ, తీసివేత, పైన నాలుగు ఏ ఆర్ ముట్టుకోలేదు, ఏ స్క్వేర్ చివర్లోనే వదిలాను, టూ కే పి బై ఆర్ క్యూబ్. ఆ తర్వాత లెక్క ఒకటిచ్చారు, ఆవేశం ఇచ్చి, ఎడం ఇచ్చి, భ్రామకం ఎంతో కట్టమన్నారు, కట్టాను, సరిగ్గా వచ్చింది.

"యూనిట్?"

పిల్ల ఆగిపోయింది.

"యూనిట్ రాయలేదా?"

"అదీ..."

"రాయలేదా! కూలూంబ్ మీటర్, కూలూంబ్ మీటర్ అని నీకు చెప్పానా గోడకి చెప్పానా! అంత లెక్కా చేసి, పటం గీసి, చివర్లో ఒట్టి అంకె పడేసి వచ్చేస్తావా? కూలూంబులా, కుండలా, ఏమనుకోవాలి దిద్దేవాళ్ళు! మొన్న కూడా ఇంతే, చెప్తూనే ఉన్నాను, బుర్ర ఎక్కడ పెట్టుకుని కూర్చుంటావు!"

వరండా అంతా ఖంగుమంది. అవతల మెకానిక్, కూతురు, ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్ళింది, గాని నోట్లోంచి వెళ్ళాల్సింది వెళ్ళిపోయింది. పిల్ల మొహం ఎర్రబడింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు కొత్త మనుషుల్ని చూసినట్టు చూసుకున్నారు.

"అబ్బో!" అంది పిల్ల, గొంతు పైకి లేచింది, తండ్రి మీదికి లేచే ఆ గొంతే, "బాణం మొత్తం తలకిందులు చేసింది నువ్వు, అది బస్సంతా విన్నారు, నేను కిమ్మన్నానా? నేనో యూనిట్ మర్చిపోతే ఊరంతా వినేలా కేకలా? అర మార్కు! అర మార్కుకి ఇంత గొడవ!"

"అర మార్కని నీకెవరు చెప్పారు? ఒకటి తీస్తారు."

"అర!"

"ఒకటి," అంది ఆమె గేటు దాటుతూ. "మీ నాన్నకి చెప్తా ఉండు, ఇంటికెళ్ళగానే మొదటి మాట అదే."

"చెప్పుకో! నేను నీ బాణం సంగతి చెప్తా. కెమిస్ట్రీ బాణమట, తోకకి ప్లస్సట, డాన్స్ చేసినట్టు చేతులు తిప్పుతూ. ముందు సీటు ఆయన కళ్ళజోడు పోయేది కొంచెంలో."

"నేనెప్పుడు తిప్పాను అంతలా?"

"తిప్పావు! ఇలా!" అని పిల్ల బస్టాపు ముందు నడిరోడ్డు మీద చేతులు తిప్పి చూపించింది.

అలా కాదు ఇలా అని ఆమె, ఇలాగే అని పిల్ల, స్టాపులో నిలబడ్డవాళ్ళంతా జరిగి చోటిచ్చారు. వాళ్ళెక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, ఎవరూ ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.